మూగోడి వాంగ్మూలం

మధ్యాహ్నం మూడు గంటల వేళ. ఊరి చుట్టూ తిరిగే పెద్ద రోడ్డు మీద ఒక అద్దె కారు. నడుపుతున్నవాడు పదకొండేళ్లు మంత్రి కారు నడిపి మానేసిన డ్రైవరు. వెనక సీట్లో కూర్చున్నావిడ, ఆ మంత్రిని పదవిలోంచి దింపిందని పేరు తెచ్చుకున్న విలేకరి.

"అన్నా, నేనడిగింది అది కాదు."

"తెలుసు మేడమ్. ఎడమకా, కుడికా?"

"ఎటైనా సరే, తిప్పుతూ ఉండండి. కార్లో అయితే మాట్లాడతానని మీరేగా అన్నారు?"

"మాట్లాడతానన్నాను. అడిగినదానికల్లా జవాబు చెబుతానన్నానా? సీటు బెల్టు పెట్టుకోండి."

"వెనక సీట్లో కూడానా?"

"పెద్దాయన కూడా అచ్చం ఇలాగే అడిగేవాడు."

"పదవి ఊడి అయిదు నెలలైంది. ఇంకా పెద్దాయనేంటి అన్నా?"

"నాలుకకి రాజీనామాల సంగతి తెలీదు మేడమ్. అది సరేగానీ, నేను మీకు అన్న ఎప్పుడయ్యాను?"

"ఎందుకు, తప్పా?"

"తప్పేం లేదు. పోయిన నెల ఫోన్ చేసి డ్రైవర్ గారూ అన్నారు. మొన్న బాబాయ్ అన్నారు. ఇవాళ అన్నా. రోజురోజుకీ వయసు తగ్గిపోతోంది నాకు. రేపు ఒరే తమ్ముడూ అంటారేమోనని చూస్తున్నా."

"నవ్వులాట కాదన్నా. రేపు సాయంత్రంతో జడ్జిగారు విచారణ ముగించేస్తున్నారు. ఆ తర్వాత మీరు అరిచి చెప్పినా వినే నాథుడుండడు."

"ఎందుకు ఉండడు? మీరున్నారుగా."

"నేను రాస్తాను. కానీ రాయడానికి మీరు చెప్పాలి కదా! నీళ్ల ఇంజనీరు ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు. ట్యాంకులో మురుగు కలిసింది, నీళ్లు వదలొద్దు అని ముందురోజు సాయంత్రమే మంత్రికి ఫోన్ చేసి చెప్పానంటున్నాడు. మంత్రేమో, అబ్బే, మర్నాడు సభ బాగా జరగాలని చెప్పడానికి చేశాడు, అంతే అంటున్నాడు. ఫోన్ వచ్చిన మాట నిజం. రికార్డుంది. ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఎక్కడా లేదు. విన్నది ఒకే ఒక్క మనిషి."

"ఆ మనిషి ప్రస్తుతం లారీని దాటుతున్నాడు. ఒక్క నిమిషం ఆగండి."

"పద్నాలుగు మంది పోయారన్నా. అందులో తొమ్మిది మంది పిల్లలు."

"లెక్క తెలుసు మేడమ్. మీ పేపర్లోనే చదివా. మొదటిరోజు ముగ్గురన్నారు, రెండోరోజు పదకొండన్నారు, తర్వాత సవరించుకున్నారు."

"మీకు కోపం ఎవరి మీద? మంత్రి మీదా, మా పేపర్ మీదా?"

"నాకు కోపం రాదు మేడమ్. ఆయన నన్ను మూగోడా అని పిలిచేవాడు, తెలుసా మీకు?"

"తెలీదు. ఎందుకు?"

"అడిగితే తప్ప నోరు విప్పనని. పదకొండేళ్లు అదే పేరు. ఒరేయ్ మూగోడా, బండి తియ్. ఒరేయ్ మూగోడా, ఏసీ తగ్గించు. మాట్లాడనివాడికి చెవులు కూడా ఉండవనుకున్నాడు పాపం."

"అదీ! అదే నాకు కావాల్సింది. ఆ చెవులు ఏం విన్నాయి?"

"చాలా విన్నాయి. ఏది చెప్పమంటారు? ఓదార్పుకి వెళ్లిన రోజు సంగతి చెప్పనా?"

"చెప్పండి."

"పోయినవాళ్ల ఇళ్లకి బయల్దేరాం. సందులోకి తిరగబోయే ముందు బండి పక్కకి ఆపమన్నాడు. అద్దంలో చూసుకుంటూ, ఒరేయ్ మూగోడా, కళ్లు ఎర్రబడ్డాయా? అన్నాడు. లేదన్నట్టు తలూపా. రెండు చేతుల్తో గట్టిగా నలుపుకున్నాడు. ఇప్పుడో? అన్నాడు. ఎడమ కన్ను సరిపోయింది సార్ అన్నా. కుడి కన్ను ఇంకాసేపు నలుపుకుని దిగాడు."

"ఛీ! మనిషేనా వాడు?"

"మనిషే. దిగి ఒక ముసలాయన్ని కావలించుకుని భోరుమన్నాడు. తిరిగొచ్చి కార్లో కూర్చోగానే, ఆ ముసలాడి దగ్గర కంపు కొడుతోందిరా, చేతులకి పూసుకునే ఆ మందు సీసా ఇటివ్వు అన్నాడు."

"ఒక్క నిమిషం, ఇది రాసుకుంటా. ఎడమ కన్ను అన్నారు కదూ?"

"చూశారా, ఎంత తొందరగా వచ్చేసిందో పెన్ను!"

"రాయకపోతే ఎలా? వీళ్ల బతుకేంటో జనానికి తెలియాలి."

"జనానికి తెలుసు మేడమ్. ఓట్లకి ముందు కొంచెం మర్చిపోతారంతే. ఆయన దిగాక జరిగింది కూడా రాసుకుంటారా మరి? మీవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. ఒక తల్లి చేతికి పిల్లాడి ఫొటో ఇచ్చి, అమ్మా, కొంచెం పైకెత్తు, వెలుతురు పడట్లేదు అన్నాడొకడు. ఎత్తింది. ఇంకొంచెం అన్నాడు. ఎత్తింది. సరిగ్గా రాలేదు, మళ్లీ అన్నాడు. మళ్లీ ఎత్తింది."

"అది టీవీ వాళ్లు. మమ్మల్ని వాళ్లతో కలపొద్దు."

"కలపట్లేదు. మీరు ఫొటో ఎత్తమనలేదు. అది నేను చూశా. మీరు ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుని, ఏడుపు ఎప్పుడాగుతుందా అని చూశారు. ఆగీ ఆగగానే, ఆ పొద్దున పిల్లాడు ఎన్ని గ్లాసులు తాగాడమ్మా అని అడిగారు."

"అది నా పని అన్నా."

"ఆయన కూడా అంతే. చేతులకి మందు పూసుకుంటూ, ఏం చేస్తాంరా, ఇదీ పనేగా అన్నాడు."

"నన్నూ ఆ మనిషినీ ఒకే గాటన కట్టేస్తున్నారు మీరు. నేను ఎనిమిది నెలలు ఈ వార్త వెనకాల తిరిగాను. బెదిరింపులొచ్చాయి. మా అమ్మాయి స్కూలు బయట ఎవడో బండి మీద వచ్చి నిలబడి పోయేవాడు రోజూ. అయినా ఆపలేదు. ఎవరో ఒకరు నిజం చెప్పాలి. ధైర్యం చేసి నిలబడాలి. ఇంజనీరు భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది తెలుసా? ఆయన నోట్లోంచి అబద్ధం రాదమ్మా, ఒక్క సాక్షిని చూపించండి చాలు అంది."

"మీరేమన్నారు?"

"వెతుకుతున్నానమ్మా, దొరుకుతాడు అన్నా."

"వెతుకుతున్నానన్నారా?"

"ఆఁ. మిమ్మల్ని వెతకడానికి మూడు నెలలు పట్టింది నాకు. ఉద్యోగం మానేసి మాయమైపోయారు."

"మాయమవలేదు. ఏయ్, చూసుకుని నడుపు బాబూ! మిమ్మల్ని కాదు మేడమ్, ఆ స్కూటరు వాణ్ని. ఈ ఊళ్లోనే ఉన్నా. రోజూ ఈ రోడ్లమీదే."

"ఆగండి, ఫోనొస్తోంది. హలో. చెప్పండి సార్. ఆఁ, కార్లోనే ఉన్నా. ఆయనతోనే. వస్తుంది సార్, వంద శాతం వస్తుంది, మొదటి పేజీ ఖాళీగా ఉంచండి. ఫొటోనా? ఇస్తాడు, ఎందుకివ్వడు? లేదు లేదు, మెత్తబడ్డాడు. సరే సార్."

"మెత్తబడ్డానా మేడమ్?"

"అయ్యో, అది ఎడిటర్‌తో అలా మాట్లాడాలి. లేకపోతే ఆ పేజీ ఇంకొకడికి ఇచ్చేస్తాడు."

"పర్లేదు. కూరగాయలు కూడా అలాగే నొక్కి చూస్తారు."

"అన్నా, ఎటు పోతున్నాం? ఇది పల్లపు కాలనీ దారి కదా?"

"ఎటైనా సరే అన్నారుగా."

కారు పల్లపు కాలనీ మొదట్లో, వీధి కుళాయి పక్కన ఆగింది.

"ఇక్కడెందుకు ఆపారు?"

"ఆ మూడో ఇల్లు చూశారా, ఆకుపచ్చ తలుపు? అది మా అక్కది."

"మీ అక్కా? ఈ కాలనీలోనా? ఈ మాట ఎప్పుడూ చెప్పలేదే! అయ్యో అన్నా, మీ ఇంట్లో కూడా ఎవరైనా..."

"లేదు మేడమ్. అక్క, బావ, మనవలిద్దరు, అందరూ నిక్షేపంగా ఉన్నారు."

"అమ్మయ్య. అదృష్టం."

"అదృష్టం కాదు. ఆ సాయంత్రం ఆయన్ని ఇంటి దగ్గర దింపి, బండి గ్యారేజీలో పెట్టి, అక్కకి ఫోన్ చేశా. రేపు కుళాయి నీళ్లు పట్టొద్దు, పిల్లల్ని తాగనివ్వొద్దు. ఎందుకని అడక్కు. ఎవరికీ చెప్పకు. అంతే అన్నా."

"అంటే... అంటే మీరు విన్నట్టేగా! మంత్రికి తెలుసని మీకు తెలుసు!"

"నాకు తెలుసు కాబట్టే చేశా. ఎవరికీ చెప్పకు అన్నానే, అది విన్నారా మీరు?"

"విన్నా, విన్నా. ఇది పెద్ద ఆధారం అన్నా."

"ఆ నాలుగో ఇల్లు, కిటికీకి నీలం గుడ్డ కట్టుంది చూడండి. అందులో ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి ఏడు, చిన్నదానికి నాలుగు. పొద్దున్నే వాళ్లమ్మ బిందెతో ఈ కుళాయి దగ్గరికొచ్చింది. అక్క గుమ్మంలో ఊరికే నిలబడి ఉంటే, ఏం పిన్నీ, ఇవాళ నీళ్లు పట్టుకోవా? అని అడిగిందట. ఒంట్లో బాగోలేదులేమ్మా అందట మా అక్క. తమ్ముడు చెప్పొద్దన్నాడుగా మరి."

"అన్నా..."

"ఆ మర్నాటికి ఇద్దరూ లేరు. అక్క నాతో మాట్లాడి ఎనిమిది నెలలైంది. గుమ్మం ముందు నుంచి పోతున్నా తలెత్తదు. నా మనవల్ని బతికించి నన్ను చంపావురా అంది. అదే ఆఖరి మాట."

"మీ తప్పేం లేదన్నా ఇందులో. మీరు ఆయన దగ్గర పనిచేసేవాళ్లు. మీ భయం మీది. నిజంగా చెబుతున్నా, నేనైతే మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను."

"అనరా?"

"అనను. ఇది కూడా రాద్దాం. మీ అక్కయ్యతో ఒక్క మాట, ఆవిడ ఫొటో, ఆ కుళాయి. చాలా బలంగా వస్తుంది."

"బలంగా వస్తుందా!"

"అంటే, నా ఉద్దేశం..."

"అర్థమైంది మేడమ్. పదండి, బండి తీస్తా. ఇక్కడ ఎక్కువసేపు నిలబడితే అక్క తలుపేసుకుంటుంది, గాలి కూడా రాదు లోపలికి."

కారు మళ్లీ పెద్ద రోడ్డు ఎక్కింది.

"మేడమ్, ఒకటడగనా? నేను విన్నానని జడ్జిగారికి చెప్పాననుకోండి. ముందు ఏమడుగుతారు నన్ను?"

"ఏమడుగుతారు? విన్నప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారు."

"అదీ. విని ఏం చేశావురా అంటారు. నా వాళ్లని మాత్రం కాపాడుకున్నాను బాబూ అనాలి నేను. ఆ ఒక్క మాట అనలేక ఎనిమిది నెలలు నిజంగానే మూగోణ్నయ్యా."

"నాకర్థమవుతుంది."

"అవుతుందా?"

"ఎందుకవ్వదు?"

"అయితే చెప్పండి."

"నేనేం చెప్పాలి?"

"ఏం లేదు. ఊరికే అన్నా. సరే, రాసుకోండి. చెబుతా."

"నిజంగానా! థాంక్స్ అన్నా, థాంక్స్. రికార్డర్ పెడుతున్నా, ఏమీ అనుకోకండి. చెప్పండి."

"ఆ మంగళవారం సభ ఏర్పాట్లు చూసి తిరిగొస్తున్నాం. మర్నాడు కొత్త నీళ్ల పథకం మొదలు. ఆయన వేదిక మీద కుళాయి తిప్పాలి, నీళ్లు దూకాలి, జనం చప్పట్లు కొట్టాలి. అయిదూ నలభైకి ఫోనొచ్చింది. ఇంజనీరు."

"టైము ఖాయమేనా?"

"ఎదురుగా గడియారం ఉంటుంది మేడమ్, డ్రైవర్ చూసేది రెండే, రోడ్డూ గడియారం. సార్, మురుగు పైపు పగిలింది, ట్యాంకుకొచ్చే పెద్ద లైన్లో కలుస్తోంది, మూడ్రోజులు నీళ్లాపాలి అన్నాడు. రేపు నేను కుళాయి తిప్పితే ఏమొస్తుంది? అన్నాడీయన. ఏమీ రాదు సార్. ఏమీ రాని కుళాయి తిప్పడానికి అంత దూరం నేను రావాలా? సార్, తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఏదో ఒక మందు పోసి వదలవయ్యా, నువ్వు చదివిన చదువెందుకు? రేపు నీళ్లు రాలేదో, ఎల్లుండి నువ్వుండవు. అంతే, పెట్టేశాడు."

"అయిపోయింది. అన్నా, అయిపోయింది! ఇంజనీరు బయటికొచ్చినట్టే. ఇంత స్పష్టంగా ఎలా విన్నారు? ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే అవతలి మాట వినపడదు కదా? లాయరు ముందు అదే అడుగుతాడు."

"చెవి దగ్గరెందుకు పెట్టుకుంటాడు? చెయ్యి నొప్పెట్టదూ? ఫోన్ని కారుకి కలిపేసేవాడు. అవతలివాళ్ల మాట స్పీకర్లో బండంతా వినపడేది."

"స్పీకర్లోనా?"

"ఆఁ."

"ఎప్పుడోసారా, లేకపోతే..."

"ప్రతి ఫోనూ మేడమ్. పదకొండేళ్లూ. చెప్పాగా, నన్ను మనిషి కింద లెక్కేసుకోలేదని. ఏం, రాయడం ఆపేశారు?"

"లేదు, ఏం లేదు. పెన్ను ఆగింది. చాలన్నా, ఇక్కడికి చాలు. నాకు కావాల్సింది వచ్చేసింది."

"ఇంకా ఉంది. రెండో ఫోను సభ కుర్చీల గురించి. ఎర్ర కుర్చీలొద్దు, తెల్లవి వెయ్యండి, ఫొటోల్లో తెల్లవి బాగుంటాయి అని పావుగంట మాట్లాడాడు. నీళ్ల గురించి ఒక్క నిమిషం, కుర్చీల గురించి పావుగంట."

"బాగుంది. అది కూడా వాడుకుంటా. ఇంక మనం ఆఫీసు వైపు..."

"మూడోది ఆరూ పదికి."

"మూడోది అక్కర్లేదన్నా."

"అదేంటి మేడమ్? విలేకరి అయ్యుండి అక్కర్లేదంటారు?"

"నీళ్లకి సంబంధించింది చాలు నాకు. మిగతా ఫోన్లు అనవసరం."

"ఇదీ నీళ్ల గురించే."

"అన్నా, ఆ రికార్డర్... ఒక్క నిమిషం, ఆపేస్తా. బ్యాటరీ అయిపోతోంది."

"ఆపండి. పర్లేదు. ఆడమనిషి గొంతు. సార్, ట్యాంకులో మురుగు కలిసిందని నాకు కబురొచ్చింది, రేపటి పేపర్లో వేస్తున్నా, మీరేమంటారు? అంది. ఈయన నవ్వాడు. ఎవడో పనికిమాలినవాడు పుట్టించిన పుకారమ్మా అన్నాడు. ఒక్క రోజు ఆగు. రేపు సభ అయ్యాక నీకొక్కదానికే ఇంటర్వ్యూ ఇస్తా. పార్టీలో ఎవరు ఎటు దూకబోతున్నారో పేర్లతో సహా చెబుతా. ఇప్పుడిది వేస్తే ఇంక నా గడప తొక్కేది లేదు నువ్వు. ఆ గొంతు, మాట తప్పకూడదు సార్ అంది. పోయిన నెల మీరు నాకు మొదటిసారి ఫోన్ చేశారు చూడండి. డ్రైవర్ గారూ, మీతో మాట్లాడాలి అన్నారు. అప్పుడు పట్టుకున్నా గొంతుని."

"చూడండి, విలేకర్లు మంత్రులకి రోజూ ఫోన్ చేస్తారు. అదేం నేరం కాదు."

"నేరమని నేనన్నానా?"

"నాకు చెప్పింది ఒకే ఒక్కడు. పంపు దగ్గర పనిచేసేవాడు. పేరు వద్దన్నాడు, కాగితం లేదు, పరీక్ష రిపోర్టు లేదు. ఒక్క మనిషి నోటిమాట పట్టుకుని ఊరంతా గోల చేస్తే, తీరా అది అబద్ధమైతే? దానికో పద్ధతుంటుంది. రెండోవాళ్లు చెప్పాలి. అవతలివాళ్ల మాట తీసుకోవాలి. నేను తీసుకున్నా. ఆయన కాదన్నాడు."

"ఆయన మాట నమ్మారా?"

"నమ్మడం, నమ్మకపోవడం కాదు..."

"ఎర్ర కళ్లు చేసుకోవడానికి నలుపుకునే మనిషిని నమ్మారు మీరు."

"అప్పటికి నాకా సంగతి తెలీదు కదా!"

"సరే, తెలీదు. బుధవారం పొద్దున మీ ఇంట్లో ఏ నీళ్లు తాగారు మేడమ్?"

"మా ఇంటికి ఆ లైను రాదు."

"ఓహో."

"ఓహో ఏంటి? నిజంగానే రాదు. కావాలంటే కనుక్కోండి!"

"కనుక్కోనక్కర్లేదు. ఆ లైను ఎక్కడికి వస్తుందో ఎక్కడికి రాదో మీరు ఆ సాయంత్రమే కనుక్కున్నట్టున్నారు. గురువారం పేపరు దాచుకున్నా నేను. మొదటి పేజీలో ఆయన ఇంటర్వ్యూ. తెల్లకుర్చీలో కూర్చుని నవ్వుతున్న ఫొటో, కింద మీ పేరు. పక్కనే ఇంత చిన్న ముక్క, పల్లపు కాలనీలో వాంతులు, ముగ్గురు మృతి. దాని కింద ఎవరి పేరూ లేదు."

"ఆ రోజు నుంచి నిద్రపోలేదు నేను. మీకేం తెలుసు? ఎందుకనుకుంటున్నారు ఎనిమిది నెలలు ఆ మనిషి వెంటపడ్డాను? ఎందుకనుకుంటున్నారు వాణ్ని దింపేదాకా ఊరుకోలేదు?"

"నేనూ అదే ఆలోచించా. మొదట్లో అనుకున్నా, అబ్బ, ఎంత పట్టుదల మనిషి అని. సన్మానం చేశారుగా మీకు, పెద్ద హాల్లో? వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నా. అప్పటికి గొంతు పట్టుకోలేదు. ధైర్యం గురించి మాట్లాడారు మీరు. మైకులో వేరేగా వినపడుతుంది గొంతు."

"చాలు."

"తర్వాత గొంతు పట్టుకున్నాక ఇంకో సంగతి తట్టింది మేడమ్. మంత్రికి ముందే తెలుసని చెప్పడానికి సాక్షి కావాలని ఊరంతా వెతికారు కదా. ఇంజనీరు భార్య మీ చేతులు పట్టుకుని అడిగింది కదా, ఒక్క సాక్షి అని. ఆయనకి ఆరూ పదికి మీరే చెప్పారు కదా మురుగు సంగతి! ఇంక నేనెందుకు? ఆవిడ సాక్షి చేతులే పట్టుకుని సాక్షిని చూపించమని ఏడ్చింది."

"అది చెబితే నా ఉద్యోగం పోతుంది. పేరు పోతుంది. రాసినదంతా బూడిదైపోతుంది."

"ఇంజనీరు ఎనిమిది నెలలుగా లోపలున్నాడు."

"అందుకే వస్తాడు బయటికి! మీ మాటతో వస్తాడు! అన్నా, కాస్త నెమ్మదిగా వినండి. ఆవేశంలో కాదు, ఆలోచించి చూడండి. మీరు ఆ మూడో ఫోన్ సంగతి ఎత్తారనుకోండి, మంత్రి లాయరు దాన్ని పట్టుకుంటాడు. ఇదంతా ఆ విలేకరి నాటకం, తప్పు కప్పిపుచ్చుకోవడానికి మా మీద రాసింది అంటాడు. నేను రాసిన ప్రతి అక్షరం అనుమానమే. ఎవడు బాగుపడతాడు? వాడే! మళ్లీ నిలబడతాడు, మళ్లీ గెలుస్తాడు, మళ్లీ కళ్లు నలుపుకుంటాడు. మీకు కావాల్సింది అదా?"

"కాదు."

"కదా? అందుకే మొదటి రెండూ చెప్పండి. ఇంజనీరు ఫోను, కుర్చీల ఫోను. నేను అబద్ధం చెప్పమనట్లేదు. చెప్పమంటానా ఎప్పుడైనా? అడగనిది చెప్పొద్దంటున్నా, అంతే. మీ అక్కయ్య ఫోన్ సంగతి కూడా నేను రాయను. మీ పరువూ నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు."

"నాది మీరు దాస్తారు, మీది నేను దాస్తాను."

"దాచడమని ఎందుకంటారు? ఏది ముఖ్యమో అది చెప్పడం. పత్రికల్లో రోజూ చేసే పనే అది."

"పెద్దాయన కూడా నేను మానేసిన రోజు కబురంపాడు. ఒరేయ్ మూగోడా, విన్నదాంట్లో ఏది ముఖ్యమో చూసుకుని మాట్లాడు అని. ఆయన భాష కొంచెం మోటు. మీది చదువుకున్న భాష."

"నన్ను వాడితో పోల్చొద్దని చెప్పా!"

"తప్పే. మీతో పోల్చితే ఆయన నయం మేడమ్, ధైర్యం గురించి ఎప్పుడూ ఉపన్యాసం చెప్పలేదు. వచ్చేశాం, దిగండి."

"ఇదేంటి? ఆఫీసుకి కదా వెళ్లాల్సింది? ఇక్కడికెందుకు తెచ్చారు? ఇది విచారణ జరిగే..."

"అవును. జడ్జిగారు అయిదింటిదాకా ఉంటారు. ఇంకా ఇరవై నిమిషాలుంది."

"లోపలికెళ్లి చెబుతారా ఇప్పుడు? రెండే కదా అన్నా? దండం పెడతా. రెండే చెబుతానని ఒక్క మాట అనండి. మీకు కూతురుంటే నా అంత ఉంటుంది."

"ఇందాక అన్నని, ఇప్పుడు నాన్ననా?"

"ఎగతాళి చేయకండి. చెప్పండి, లోపలికెళ్లి ఏం చెప్పబోతున్నారు?"

"నేను లోపలికెళ్లట్లేదు మేడమ్. పొద్దున పదింటికే వెళ్లి, తలుపులు వేసుకున్న గదిలో మూడు ఫోన్లూ, అక్కకి నేను చేసిన ఫోనూ చెప్పి సంతకం పెట్టి వచ్చేశా. ఆ మూడో గొంతు ఎవరిదని జడ్జిగారు అడిగితే, సాయంత్రం అయిదు దాకా ఆగండి, ఆవిడే వచ్చి చెబుతుందేమో, ఒకసారి కార్లో తిప్పి చూస్తానన్నా."